రౌటర్ వెనక మెయిల్ సర్వర్ పెట్టారా? ఒకసారి లాగ్ చూడండి

రౌటర్‌లో 25వ పోర్టు (బయటి సర్వర్ల నుంచి మెయిల్ వచ్చే దారి) మెయిల్ సర్వర్‌కి ఫార్వర్డ్ చేసి, టెస్ట్ మెయిల్ వచ్చేసిందని అక్కడితో ఆగకండి. బయటి ఐడీ నుంచి ఇంకో మెయిల్ పంపి, సర్వర్ లాగ్‌లో ఆ కనెక్షన్ ఏ ఐపీ నుంచి వచ్చినట్టు ఉందో చూడండి. పంపిన సర్వర్ అసలు ఐపీ కనిపిస్తే ఫర్వాలేదు. ప్రతి మెయిలూ 192.168.1.1 నుంచే, అంటే మీ రౌటర్ నుంచే వచ్చినట్టు ఉంటే మాత్రం ముందు ఆ ఫార్వర్డింగ్ ఆపేయండి.

కొన్ని రౌటర్లు లోపలికి పంపేటప్పుడు అవతలి ఐపీ తీసేసి తమది పెడతాయి. మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్‌లో మైనెట్‌వర్క్స్ (mynetworks, పాస్‌వర్డ్ లేకుండా మెయిల్ పంపనిచ్చే ఐపీల జాబితా) దగ్గర 192.168.1.0/24, అంటే ఆఫీసు నెట్‌వర్క్ మొత్తం ఉంటే, ఇక బయటి నుంచి ఎవరొచ్చినా సర్వర్‌కి ఆఫీసు మనిషిలాగే కనిపిస్తారు. పాస్‌వర్డ్ అడగకుండానే వాళ్ల స్పామ్ అంతా మీ ఐపీ మీద బయటికి పంపేస్తుంది. స్పామ్ పంపే ఐపీల బ్లాక్‌లిస్టులో పడ్డాక బయటపడటం చాలా కష్టం, అందుకే ఇంతగా చెప్తున్నాను.

మైనెట్‌వర్క్స్‌లో 127.0.0.0/8 (అంటే ఆ సర్వర్ ఒక్కటే) ఉంచి, ఆఫీసువాళ్లు కూడా 587వ పోర్టు మీద పాస్‌వర్డ్‌తోనే పంపేలా పెట్టండి. పాస్‌వర్డ్ ఇవ్వలేని పాత స్కానర్ ఏదైనా ఉంటే దాని ఐపీ ఒక్కటే కలపండి. రౌటర్‌లో మాస్కరేడ్ రూల్‌ని (అవతలి ఐపీ తీసి తనది పెట్టేది ఇదే) వాన్, అంటే ఇంటర్నెట్ వైపు నుంచి బయటికి వెళ్లే ట్రాఫిక్‌కి మాత్రమే పరిమితం చేస్తే అసలు ఐపీలు కనిపిస్తాయి. ఎస్‌పీఎఫ్ తనిఖీ (ఆ డొమైన్ పేరుతో మెయిల్ పంపే అనుమతి ఆ ఐపీకి ఉందా అని చూడటం) సరిగ్గా జరగాలన్నా ఇది తప్పదు.

అన్నట్టు, రౌటర్ వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే అది సీజీనాట్, అంటే ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచుతోందన్నమాట. మీకంటూ పబ్లిక్ స్టాటిక్ ఐపీ తీసుకునేదాకా పోర్టు ఫార్వర్డింగ్ పనిచేయదు.