పాత చేతి రంపం పళ్ళను సరిచేసి పదును పెట్టడం ఎలా?

పదును పోయిన రంపం చేతికి రాగానే ఆకురాయి తీసుకొని ఒక్కొక్క పన్నును గీకడం మొదలుపెట్టేవారే ఎక్కువ. అలా చేస్తే ప్రతి పన్నూ వేలికి వాడిగానే తగులుతుంది కాని రంపం కోయదు; ఎత్తుగా మిగిలిన పళ్ళు మాత్రమే చెక్కను తాకుతాయి, పొట్టివి ఊరకే తిరుగుతాయి. కాబట్టి ముందు పళ్ళన్నీ ఒకే ఎత్తుకు, ఒకే ఆకారానికి రావాలి. పదును ఆ తరువాతి సంగతి.

కావలసినవి కొద్దే: ఒక చదును ఆకురాయి, ఒక ముక్కోణపు ఆకురాయి, పళ్ళను పక్కకు వంచే ప్లయర్, రంపాన్ని బిగించడానికి రెండు చెక్క పలకలు, ఒక వైస్. చెన్నైలో ప్యారీస్, బ్రాడ్‌వే వైపు ఇనుప సామాన్ల కొట్లలో ఇవన్నీ దొరుకుతాయి. ముక్కోణపు ఆకురాయిని కొనేటప్పుడు రంపాన్ని వెంట తీసుకువెళ్ళండి. పన్ను ఎత్తు ఆకురాయి ముఖం వెడల్పులో సగానికి మించకూడదు. వాడిన ఆకురాయిని ఎవరు ఉచితంగా ఇచ్చినా పుచ్చుకోవద్దు. పళ్ళ కొసలు నీలం-నలుపు రంగులో ఉన్న కొత్త రకం రంపమైతే ఈ శ్రమ అనవసరం. ఆ పళ్ళను ప్రత్యేకంగా గట్టిపరచి ఉంటారు గనుక ఆకురాయి వాటి మీద జారిపోతుంది.

తుప్పును సన్నని ఉప్పు కాగితంతో (శాండ్‌పేపర్), కొద్దిగా నూనెతో తుడిచివేయండి. పళ్ళు పలకల పైకి 6 మి.మీ. మించి కనిపించకుండా రంపాన్ని బిగించండి. అంతకన్నా పైకి ఉంటే రేకు అదిరి కీచుమంటుంది, ఆకురాయి కూడా త్వరగా అరుగుతుంది. వెలుతురు ఎదురుగా ఉన్న కిటికీ నుంచి రావాలి. ట్యూబ్‌లైటు కింద ఈ పని చేయకూడదు.

ఇక చదును ఆకురాయిని పళ్ళ కొసల మీద, రంపం పొడవునా, పక్కలకు ఒరగకుండా నడపండి. ప్రతి పన్ను కొసన చిన్న మెరిసే మచ్చ కనిపించేదాకా ఆపవద్దు. ఒకటి రెండు విరిగిన పళ్ళ కోసం మిగిలినవాటన్నిటినీ అరగదీయనక్కరలేదు. అవి తరువాతి పదునులలో మెల్లగా వరుసలోకి వస్తాయి.

అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. మచ్చలన్నీ ఒకే వెడల్పున ఉండవు. ముక్కోణపు ఆకురాయిని రెండు పళ్ళ మధ్య సందులో పెట్టి, ఏ పన్ను మీద మచ్చ వెడల్పుగా ఉందో ఆ వైపుకు ఒత్తుతూ, ఆ మచ్చలో సగం పోయేదాకా మాత్రమే గీయాలి. మిగిలిన సగం పక్క సందును గీసేటప్పుడు పోవాలి. మొదటి సందులోనే మచ్చ మొత్తం తీసివేస్తే ఆ పన్ను పక్క సందు వంతు వచ్చేసరికి తప్పనిసరిగా పొట్టిదవుతుంది. పెద్ద పన్ను పక్కన చిన్న పన్ను, మళ్ళీ పెద్దది, ఇలా తయారైన రంపాలు చాలావరకు ఈ తొందరపాటు ఫలితాలే. మచ్చ కనుమరుగైన క్షణాన చేయి ఆగాలి. ఆ పైన ఒక్క గీటు కూడా నష్టమే.

పక్కకు ఒత్తడం అంటే ఆకురాయిని చేతిలో తిప్పడం కాదు. కాస్త తిరిగినా పన్ను ముందు వాలు మారిపోతుంది. దీనికి విరుగుడుగా ఆకురాయి కొసకు ఒక చిన్న చెక్కముక్కను బిగించి, ఆ ముక్క పై అంచు ఎల్లప్పుడూ పళ్ళ వరుసకు సమాంతరంగా ఉండేటట్టు చూసుకోండి. నిలువు కోత రంపానికి (చెక్కను నార పొడవునా కోసేది) పన్ను ముందు భాగం దాదాపు నిటారుగా, అడ్డకోత రంపానికి (నారకు అడ్డంగా కోసేది) సుమారు 15 డిగ్రీలు వెనక్కి వాలి ఉండాలి. ఆకారం దిద్దే ఈ దశలో రంపం ఏదైనా సరే, ఆకురాయిని రేకుకు లంబంగానే నడపాలి. ముందుకు తోసేటప్పుడు మాత్రమే గీయండి, వెనక్కి వచ్చేటప్పుడు ఎత్తండి. పళ్ళు మరీ చెడి ఉంటే ఒక్క విడతలో సాధించాలని చూడక, మళ్ళీ కొసలను చదును చేసి, మళ్ళీ దిద్దండి.

టింబర్ డిపోల దగ్గర గ్రైండర్ చక్రంతో నిమిషాల్లో పళ్ళు తీసి ఇచ్చేవారున్నారు. ఆ వేడికి ఉక్కు నీలిరంగుకు తిరిగి మెత్తబడుతుంది, పదును త్వరగా పోతుంది. చేత్తో చేసిన పనికి ఒక పూట పడుతుందన్నది నిజమే. ఆ పూట మిగుల్చుకోవడానికి మంచి ఉక్కును పాడుచేసుకోవడం నాకు తెలివి అనిపించదు.

ఆ తరువాత ప్లయర్‌తో పళ్ళను ఒకటి విడిచి ఒకటి కుడికీ ఎడమకూ వంచండి. పన్ను పై సగం మాత్రమే వంగాలి. మొదలంటా వంచితే విరుగుతుంది. ఒకసారి ఒక వైపు వంగిన పన్నును రెండో వైపుకు తిప్పకూడదు. ఎండిన టేకుకు స్వల్పమైన వంపు చాలు, పచ్చి చెక్కకు మరికొంత కావాలి.

చివరిగా పదును. నిలువు కోత రంపానికి ఆకురాయిని రేకుకు లంబంగా, అడ్డకోత రంపానికి 20 నుంచి 25 డిగ్రీలు ఏటవాలుగా పట్టి, సందు విడిచి సందు గీయండి. తరువాత రంపాన్ని తిప్పి బిగించి మిగిలిన సందులు పూర్తిచేయండి. సందుకు రెండు మూడు తేలిక గీట్లు చాలు. లెక్క తప్పకుండా గీసిన సందులకు మార్కర్‌తో రంగు వేసుకోండి.

చెక్క మీద గీత గీసి కోసి చూడండి. కోత ఒక వైపుకే పోతుంటే ఆ వైపు పళ్ళు ఎక్కువ వంగాయని అర్థం; సన్నని నూనె రాయిని (నూనె వేసి పదును పెట్టే రాయి) ఆ పక్కన ఒక్కసారి తేలికగా నడిపి మళ్ళీ కోయండి. పని ముగిశాక రేకుకు మెషిన్ నూనె రాయడం మరవవద్దు, ఎందుకంటే చెన్నై సముద్రపు గాలికి తుడిచిన ఉక్కు కొద్ది రోజులకే తుప్పు పడుతుంది.