విండోలెస్ అనే మాట పుట్టుక మనమే తవ్వుకోవడం ఎలా

హోటల్ బుకింగ్ యాప్‌లో విండోలెస్ రూమ్ అని చూసే ఉంటారు, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే ముందు దాన్ని మధ్యకి విరిచేయండి, విండో ఒక ముక్క, లెస్ ఒక ముక్క. కలిపి వెతికితే డిక్షనరీ కిటికీ లేనిది అని చెప్పి ఊరుకుంటుంది, అది మనకి తెలిసిందేగా.

ముందు తోక చూడండి. లెస్ అంటే తక్కువ కదా అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఇది పాత ఇంగ్లీషులో లేయాస్ అనే మాట, లేకుండా అని అర్థం, లూజ్‌కి చుట్టం. తక్కువ అనే లెస్ పూర్తిగా వేరు, అన్‌లెస్‌లో ఉన్నది అదే. అందుకే ఇప్పటి స్పెల్లింగ్ చూసి నమ్మకుండా వెయ్యేళ్ల కిందటి రూపం ఏంటో చూసుకోవాలి.

ఇక విండో. ఇంగ్లీషు మాటల పుట్టుక చెప్పే ఎటిమాన్‌లైన్ సైట్‌లో కొట్టండి, ఫ్రీనే, ఓల్డ్ నార్స్ అని వస్తుంది, అంటే వైకింగుల భాష. అందులో విండౌగ, విండ్ర్ అంటే గాలి, ఔగ అంటే కన్ను, గాలి కన్ను అన్నమాట! అంతకుముందు ఇంగ్లీషువాళ్లు ఏగ్‌థిర్ల్ అనేవాళ్లు, కంటి కన్నం అని, ఆ థిర్ల్ ఇప్పటికీ నాస్ట్రిల్ చివర బతికే ఉంది, ముక్కు కన్నం కదా మరి. నాకైతే ఇది తెలిసిన రోజు నిద్రపట్టలేదు.

అక్కడితో ఆగకుండా ఆంధ్రభారతి అనే ఆన్‌లైన్ తెలుగు నిఘంటువులో గవాక్షం కూడా చూడండి, కిటికీకి సంస్కృతం మాట, ఆవు కన్ను అని. మళ్లీ కన్నే! కానీ ఇద్దరికీ కన్నే తట్టింది కాబట్టి ఒకళ్లది ఒకళ్లు కాపీ కొట్టారని మాత్రం తేల్చేయకండి, గోడలో కన్నం చూస్తే ఎవరికైనా కన్నే గుర్తొస్తుంది.

చివరగా వాట్సాప్ కథలతో జాగ్రత్త. ఇంగ్లండ్‌లో 1696 నుంచి 1851 దాకా కిటికీల మీద పన్ను ఉండేది, జనం కిటికీలు ఇటుకలతో మూసేసుకున్నారు, ఇదంతా నిజం. డేలైట్ రాబరీ, అంటే పట్టపగలే దోచుకున్నట్టు ఎక్కువ డబ్బు గుంజడం, అనే మాట అందులోంచే పుట్టిందనేది మాత్రం నమ్మేలా లేదు, ఎందుకంటే ఆ అర్థంలో ఆ మాట అచ్చులో కనిపించేది పన్ను ఎత్తేసిన ఎన్నో ఏళ్లకి. ఏ కథ విన్నా ముందు ఈ తేదీల లెక్క వేయండి, సగం కథలు అక్కడే రాలిపోతాయి.