ఒకే ఫోను, రెండు జతల ఇయర్‌బడ్స్: ఇద్దరూ కలిసి వినాలంటే

మా అమ్మకి ఈమధ్య వినికిడి కాస్త తగ్గింది. మొన్న రాత్రి రైల్లో విశాఖ వెళ్తూ నా ఫోన్‌లో సినిమా పెట్టుకుని ఇద్దరం చెరో బడ్ చెవిలో పెట్టుకున్నాం, తనకి మాటలు వినబడాలని సౌండ్ పెంచితే నా చెవి హోరెత్తిపోతోంది, తగ్గిస్తే డైలాగ్ డైలాగ్‌కీ "ఏమన్నాడ్రా?" అని అడుగుతోంది. స్పీకర్‌లో పెడదామంటే బోగీ అంతా నిద్రపోతోంది. ఇద్దరికీ వేర్వేరు జతలు, వేర్వేరు వాల్యూమ్ ఉంటే ఎంత హాయో అప్పుడే తెలిసింది, అందుకే కూర్చుని ఈ సంగతి మొత్తం తేల్చుకున్నాను.

ముందు ఇది చూసుకోండి. మామూలు బ్లూటూత్‌లో సౌండ్ రెండు జతలకు వెళ్తుందా లేదా అన్నది ఇయర్‌బడ్స్‌ని బట్టి కాదు, ఫోన్‌ని బట్టి ఉంటుంది. ఒక్కో జతకీ ఫోన్ విడిగా సౌండ్ పంపాలి, చాలా ఫోన్లు ఒక్కదానికే పంపుతాయి. డబ్బా మీద "మల్టీపాయింట్" అని ఉంటే ఇదే అనుకుని కొనేయకండి. నేను అలాగే కొన్నాను. షాపులో అడిగితే "రెండిటికి కనెక్ట్ అవుతుందండీ" అన్నారు, ఇంటికొచ్చి చూస్తే ఒకే హెడ్‌ఫోన్ రెండు ఫోన్లకు కనెక్ట్ అవుతోంది, అంటే మనకు కావలసిందానికి సరిగ్గా తిరగేసి.

శాంసంగ్ గెలాక్సీ ఉన్నవాళ్లకి పని చాలా తేలిక. 2017లో వచ్చిన ఎస్8 నుంచి డ్యూయల్ ఆడియో, అంటే ఒకేసారి రెండు జతలకు సౌండ్ పంపే సౌకర్యం ఉంది, ఇయర్‌బడ్స్ ఏ కంపెనీవైనా ఫర్వాలేదు. మొదటి జతని ఎప్పటిలాగే కనెక్ట్ చేయండి. రెండో జతని పెయిరింగ్ మోడ్‌లో పెట్టండి: చాలా మోడళ్లలో కేస్ మూత తెరిచి, దాని మీది బటన్‌ని లైట్ గబగబా మిణుకుమనేదాకా నొక్కి పట్టుకోవాలి. బ్లూటూత్ లిస్టులో పేరు రాగానే కనెక్ట్ చేయండి. తర్వాత స్క్రీన్ పైనుంచి కిందికి లాగితే మీడియా అవుట్‌పుట్ అని కనిపిస్తుంది (వెర్షన్‌ని బట్టి పేరు కొంచెం మారొచ్చు), అందులో రెండు జతలకీ టిక్ పెట్టండి. ఒక్కోదానికీ వేరే వాల్యూమ్ గీత వస్తుంది. అమ్మది పైకి, నాది కిందికి. ఒక్కటి గుర్తుంచుకోండి, ఫోన్ కాల్ వస్తే మాట ఒక జతలోనే వినిపిస్తుంది.

ఐఫోన్ 8, ఆ తర్వాతి వాటిలో 2019 నుంచి షేర్ ఆడియో ఉంది. కానీ ఇది ఎయిర్‌పాడ్స్‌కి, కొన్ని బీట్స్ మోడళ్లకి మాత్రమే. పాట ప్లే చేసి, కంట్రోల్ సెంటర్‌లో ఎయిర్‌ప్లే గుర్తు నొక్కి, షేర్ ఆడియో ఎంచుకుని, రెండోవాళ్ల ఎయిర్‌పాడ్స్ కేస్ మూత తెరిచి ఫోన్ పక్కన పెడితే అదే అడుగుతుంది. వాల్యూమ్ ఇక్కడ కూడా ఎవరిది వాళ్లదే.

బ్లూటూత్‌లోనే కొత్తగా వచ్చిన పద్ధతి ఆరాకాస్ట్. ఇది రేడియో స్టేషన్ లాంటిది, ఫోన్ ఒక్కసారి ప్రసారం చేస్తే ఇద్దరు కాదు, చుట్టుపక్కల ఎంతమందైనా అందుకోవచ్చు. వినికిడి యంత్రాలకి కూడా పనికొచ్చేలా తయారు చేశారు, నాకు దీని మీద అంత ఆశ అందుకే. కాకపోతే ఫోన్, ఇయర్‌బడ్స్ రెండూ దీన్ని సపోర్ట్ చేయాలి. కొత్త పిక్సెల్, గెలాక్సీ ఫోన్లలో కొన్నిటికి ఉంది, సెట్టింగ్స్‌లో ఆడియో షేరింగ్ అని కానీ ఆరాకాస్ట్ అని కానీ వెతకండి.

మీ ఫోన్‌లో ఇవేవీ లేవా? యాప్ వేస్తే వస్తుందని చెప్పేవాళ్లని నమ్మకండి, ఫోన్‌లో లేని సౌకర్యాన్ని యాప్ తెచ్చిపెట్టలేదు. దానికి బదులు రెండు జతలకు పంపగలిగే బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ కొనుక్కోండి, హెడ్‌ఫోన్ జాక్‌కి తగిలిస్తే చాలు, టీవీకి కూడా పనికొస్తుంది. జాక్ లేని ఫోన్ అయితే టైప్-సి కన్వర్టర్ కూడా కావాలి.

పైసా ఖర్చు వద్దంటే మేం చేసినట్టే చెరో బడ్, కాకపోతే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి మోనో ఆడియో ఆన్ చేయండి. లేకపోతే ఎడమవైపు సౌండ్ ఒకరికి, కుడివైపు సౌండ్ ఇంకొకరికి పోయి, ఇద్దరికీ సగం సగమే వినబడుతుంది.

వేర్వేరు కంపెనీల జతలైతే ఒకదానిలో మాట కొంచెం ఆలస్యంగా రావచ్చు. పాటలకి ఏమీ అనిపించదు, సినిమాలో పెదాల కదలికకీ మాటకీ పొంతన కుదరదు, కుదిరితే రెండూ ఒకే మోడల్ వాడండి. సినిమా అయిపోయాక రెండో జతని డిస్‌కనెక్ట్ చేయడం మరిచిపోవద్దు. మర్నాడు పక్క గదిలో అమ్మ తన కేస్ మూత తీయగానే నా ఫోన్‌లో పాట వెళ్లి తన చెవిలో మోగింది.