సద్దుల బతుకమ్మకు ఆటిజం పిల్లలను తీసుకెళ్తున్నారా?

సద్దుల నాటి సాయంత్రం హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర అడుగు తీసి అడుగు వేయలేనంత జనం ఉంటారు. అయినా ఆటిజం ఉన్న పిల్లలను ఇంట్లో వదిలి వెళ్లమని నేను చెప్పను. పండుగ వాళ్లది కూడా. కాకపోతే వాళ్లలో చాలామందికి బ్యాలెన్స్ తక్కువ. తూలితే, మాటిమాటికీ పడితే "చూసి నడువరాదా" అని కోప్పడకండి, అది వాళ్ల నిర్లక్ష్యం కాదు.

మనిషి నిటారుగా నిలబడాలంటే కళ్లు, లోపలి చెవి, కండరాలు, కీళ్లు పంపే కబుర్లను మెదడు కలిపి చూసుకోవాలి. ఈ పిల్లల్లో చాలామందికి ఆ కలపడం దగ్గరే ఇబ్బంది. కళ్లు మూసుకుంటే ఒళ్లు ఎక్కువగా ఊగుతుంది. అందుకే చీకటితోనే ఎక్కువ ప్రమాదం. దానికి తోడు తడి మెట్లు, డీజే మోత, నెట్టుకునే జనం.

కాబట్టి వెలుతురు ఉండగానే వెళ్లి, పొద్దుగూకేసరికి వచ్చేయండి. నిమజ్జనం చూడాలంటే గట్టుకు దూరంగా నిలబడండి. ఆటిజం పిల్లల్లో కొందరికి నీళ్లంటే విపరీతమైన ఇష్టం, చెయ్యి విడిపించుకుని అటే ఉరుకుతారు. అందుకని పెద్దవాళ్లలో ఒకరికి ఆ రోజు పిల్లలను చూసుకోవడం తప్ప వేరే పనేదీ పెట్టకండి. ఫోన్ కూడా జేబులోనే ఉండాలి. పిల్లల జేబులో పేరు, ఫోన్ నంబరు రాసిన కాగితం వేయండి.

బతుకమ్మను వాళ్ల చేతికివ్వకండి. రెండు చేతులూ ఖాళీ ఉండవు, కాళ్ల ముందు నేల కనబడదు. పట్టు లంగా అయితే మడమల పైకి ఉండేలా కుట్టించండి. కొత్త చెప్పులు ఆ రోజే తొడగొద్దు, నాలుగు రోజుల ముందు నుంచే అలవాటు చేయండి. మెట్ల మీద పైనుంచి చెయ్యి పట్టి లాగితే పిల్లలు ఇంకా తూలుతారు. రెయిలింగ్ ఉంటే వాళ్లనే పట్టుకోనిచ్చి మీరు పక్కన, ఒక మెట్టు కింద నడవండి. శబ్దానికి చెవులు మూసుకునే పిల్లలకు హెడ్‌ఫోన్స్ పెట్టండి.

మునివేళ్ల మీద నడవడం ఎక్కువైనా, గోడకో మీకో ఆనుకుంటున్నా అలిసిపోయి ఉండొచ్చు. అప్పుడు ఇంకో ఆట చూద్దామని ఆగకండి, ఇంటికి బయలుదేరండి.

రోజువారీ నడకలోనే ఇబ్బంది ఉంటే మండలంలోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) ఫిజియోథెరపీ గురించి అడగండి. ఇంతకుముందు లేనిది ఈ మధ్యే పడిపోవడం మొదలైతే, లేదా పడినప్పుడు చూపు ఒకేచోట నిలిచిపోతే మాత్రం పండుగ అయ్యేదాకా ఆగొద్దు. ఆటిజం పిల్లల్లో మూర్ఛ వచ్చే అవకాశం ఎక్కువ, వెంటనే డాక్టరుకు చూపించండి.