‘ఆఫ్ చేశానన్నా’ అంటే నమ్మకండి: వానాకాలం పనికి ముందు

మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడగానే మన ఎలక్ట్రీషియన్లకు ఫోన్లు మొదలవుతాయి. గోడ ముట్టుకుంటే జిల్లుమంటోందని ఒకరు, పొలంలో మోటారు ఎత్తడం లేదని ఇంకొకరు. పని ఎక్కువ దొరికేది ఇప్పుడే, షాకులు ఎక్కువ తగిలేదీ ఇప్పుడే. ఐటీఐలో రెండేళ్లు ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివి వచ్చిన తమ్ముళ్లకు లెక్కలు నాకంటే బాగా తెలుసు. కాకపోతే అక్కడ ప్యానెల్ బోర్డు కింద నేల పొడిగా ఉంటుంది. ఇక్కడ చీలమండల దాకా బురద.

ఈ సీజన్లో నేను అస్సలు నమ్మని మాట ఒకటుంది: "ఆఫ్ చేశానన్నా." అన్నవాడు అబద్ధం చెప్పడు, ఏదో ఒకటి ఆఫ్ చేసే ఉంటాడు. మనం చెయ్యి పెట్టబోయే తీగకు కరెంటు వచ్చేది అక్కడి నుంచేనా అన్నది మనమే తేల్చుకోవాలి.

కొన్నేళ్ల కిందట ఒక ఇంట్లో హాలు బోర్డు విప్పాను. మెయిన్ ఆఫ్ చేశారు, ఫ్రిజ్ ఆగిపోయింది, నా కళ్లతో చూశాను. వైరు పట్టుకున్నానో లేదో చెయ్యి విసిరికొట్టింది. మెట్ల కింద ఇన్వర్టర్ ఉంది. దాని మీద ఫ్రిజ్ లేదు, హాలు బోర్డు ఉంది. మెయిన్ ఆపగానే అది తన పని తను చేసుకుపోయింది. అప్పట్నుంచి గుమ్మంలోనే అడుగుతాను, ఇన్వర్టర్ ఉందా, జనరేటర్ ఉందా, పక్కింటి నుంచి వైరేమైనా లాగారా అని. చివరి ప్రశ్నకు నసిగితే లాగినట్టే లెక్క.

టెస్టర్ వెలగకపోతే కరెంటు లేదని కాదు. టెస్టరే పాడై ఉండొచ్చు, ఎండలో దాని వెలుగు కనపడకపోవచ్చు. ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి చూడండి, తర్వాత పని చేయబోయే తీగ మీద, మళ్లీ కరెంటు ఉన్న చోట. న్యూట్రల్‌నీ, అంటే కరెంటు తిరిగి వెళ్లే నల్ల వైరునీ వదలొద్దు. అది ఎక్కడైనా తెగి, ఇంట్లో ఏ బల్బో ఆన్‌లో ఉంటే, నల్ల వైరులోనూ కరెంటు ఉంటుంది. తడిసిన టెస్టర్‌ను మాత్రం ముట్టుకోకండి, కొత్తది కొనుక్కోండి. దాని ఖరీదెంతని!

ఇక పొలం. స్టార్టర్ డబ్బా తలుపు తెరవడానికి ముందే టెస్టర్‌తో ఆ డబ్బాను చూడాలి. వానకు లోపల తేమ చేరి ఇనుప డబ్బాకే కరెంటు పాకి ఉండొచ్చు. తెరిస్తే లోపల చీమలు పెట్టిన మట్టి, మోటారుకు కరెంటు కలిపి విడదీసే కాంటాక్టర్ పక్కన మాడిపోయిన బల్లి, తుప్పు పట్టిన స్క్రూలు. "మోటారు తిరగట్లేదుగా, కరెంటు లేదులే" అంటాడు రైతు. ఒక ఫ్యూజు పోతే మోటారు తిరగదు గానీ మిగతా రెండు ఫేజుల మధ్య 415 వోల్టులు అలాగే ఉంటాయి. కొన్ని ఫీడర్లలో త్రీఫేజ్ ఆపేసిన వేళ సింగిల్ ఫేజ్ వదులుతారు, అప్పుడూ ఇదే తంతు. నిజంగానే కరెంటు పోయి ఉంటే ఇంకో చిక్కు, ఆటో స్టార్టర్. కరెంటు రాగానే మోటారు దానంతటదే ఎత్తుకుంటుంది, మన వేళ్లు ఎక్కడున్నాయో దానికి అక్కర్లేదు. అందుకే ఫ్యూజు క్యారియర్లు, అదే ఫ్యూజు తీగ బిగించే ముక్కలు, మూడూ పీకి నా జేబులో వేసుకుంటాను. వేరేవాళ్ల చేతికివ్వను, డబ్బా మీదా పెట్టను. ఆ తర్వాత కూడా టెస్టర్ పెట్టి చూశాకే చెయ్యి.

బోరులోంచి మోటారు పైకి లాగేటప్పుడు ముందు తలెత్తి చూడండి. పైన కరెంటు లైను వెళ్తుంటే, లేచే పైపు దానికి తగలొచ్చు, పని మొదలుపెట్టొద్దు.

ట్రాన్స్‌ఫార్మర్ జోలికి అసలు పోవద్దు. ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే లైనును విడదీసే ఏబీ స్విచ్ దించామంటారు. మూడు బ్లేడ్లలో ఒకటి తుప్పుకు పట్టేసి విడిపోకుండా ఉంటే పైన 11 కేవీ, అంటే 11 వేల వోల్టులు, ఉన్నట్టే. లైన్‌మన్ అయినా సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైను ఆపామని ఇచ్చే అనుమతి) తీసుకుని, తీగకు ఎర్త్ వేశాకే ముట్టుకోవాలి. మనకు ఆ పని లేదు, కరెంటోళ్ల ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయించండి. రైతు తొందరపెడతాడు, నారుమడి ఎండిపోతోందంటాడు. పెట్టనివ్వండి.

"ఎంసీబీలు ఉన్నాయిగా" అనే ఇంటివాళ్లకు ఓపిగ్గా చెప్పండి. 16 ఆంపియర్ల ఎంసీబీ, అంటే లోడు మించితే దానంతటదే పడిపోయే స్విచ్, వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషి ఒంట్లోంచి భూమిలోకి కరెంటు పోతుంటే పడిపోయేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే ఇంకో స్విచ్. అది వానాకాలం ఊరికే పడిపోతోందని తీసేయమంటారు. ఊరికే పడదు, ఎక్కడో తడి గోడలో లీకేజీ ఉంది, వెతకండి. ఫేజూ న్యూట్రలూ రెండూ ఒకేసారి పట్టుకున్నవాణ్ని అది కాపాడుతుందనుకోవద్దు. వెళ్లేముందు పెరట్లోకి ఒకసారి తొంగి చూడండి. ఇనుప తీగతో దండెం కట్టి ఉండి, సర్వీసు వైరు దానికి రాసుకుంటుంటే అప్పటికప్పుడు విప్పించి ప్లాస్టిక్ తాడు కట్టించండి. తడి బట్ట ఆరేయబోయి పోయినవాళ్ల వార్త ప్రతి వానాకాలం పేపర్లో చూస్తూనే ఉన్నాం.

ఒంటరిగా వెళ్లొద్దు. పక్కవాడికి షాక్ కొడితే ముందు సప్లయి ఆపాలి, వాణ్ని పట్టుకోకూడదు. ఎండిన కర్రతో తోయమంటారు, వానాకాలం ఎండిన కర్ర ఎక్కడ దొరుకుతుంది? అందుకే రెండు మూరల పీవీసీ పైపు ముక్క కవర్లో చుట్టి బండికి కట్టుకుని తిరుగుతాను. 11 కేవీ దగ్గర అదీ పనికిరాదు, లైను ఆపేదాకా దూరంగా ఉండాల్సిందే. విడిపించాక ఊపిరి లేకపోతే 108కి ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదారు సెంటీమీటర్లు దిగేలా, అంబులెన్సు వచ్చేదాకా నొక్కుతూనే ఉండాలి.

లేచి కూర్చుని "బాగానే ఉన్నానన్నా" అన్నా ఆస్పత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి. ఆ ఇన్వర్టర్ రోజు నేను తీయించుకోలేదు. బోర్డు బిగించి, డబ్బులు తీసుకుని, ఇంటికెళ్లి పడుకున్నాను. రాత్రంతా చెయ్యి గుంజుతూనే ఉంది, ఇంట్లో చెప్పలేదు.