అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్ టీమ్‌ని డ్రైవ్ లెక్కతో చదవడం ఎలా, పోర్టల్ న్యూస్‌ని నమ్మడం ఎంతవరకు

ముందుగా ఒక పని చేయండి, గేమ్‌కి ఎన్ని పాయింట్లు కొడుతున్నారు అనే నంబర్ని పక్కన పెట్టేయండి. ఎమ్మెస్‌కని అమెరికా వచ్చి క్యాంపస్ పుణ్యమా అని ఫుట్‌బాల్ పిచ్చి పట్టినవాళ్లు, పిల్లలు ఇక్కడి కాలేజీల్లో చేరాక శనివారం టీవీ ముందు సెటిలైపోయే పేరెంట్స్, మనోళ్లలో చాలామంది చూసేది ఆ ఒక్క నంబరే. ఇక జనవరిలో ప్లేయర్లు కాలేజీ మారే పోర్టల్ తెరుచుకోగానే "ఫైవ్ స్టార్ వచ్చాడంట, ఈసారి కప్పు మనదే" అని వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల (స్టార్లంటే రిక్రూటింగ్ సైట్లు ప్లేయర్లకిచ్చే రేటింగ్, ఐదు టాప్). ఈ రెండిటికీ మధ్యలో చేయాల్సిన లెక్క ఒకటుంది, దానికి సబ్‌స్క్రిప్షన్లూ గట్రా ఏమీ అక్కర్లేదు, ఫోన్‌లో నోట్స్ యాప్ చాలు.

డ్రైవ్‌కి ఎన్ని పాయింట్లు, అదీ లెక్క. బాల్ మన చేతికొచ్చిన దగ్గర్నుంచి పోయేదాకా ఒక డ్రైవ్, పొసెషన్ అన్నా అదే. గేమ్‌కి ఒక్కో టీమ్‌కి మామూలుగా ఓ 11, 12 వస్తాయి. రెండు టీమ్‌లకీ ఇంచుమించు సమానంగానే వస్తాయి, ఎందుకంటే మనది అయిపోతే వాళ్లది, వాళ్లది అయిపోతే మనది, అందుకే వచ్చినవాటిని ఎవరు బాగా వాడుకున్నారన్నదే గేమ్. కానీ ఆ 12 అన్ని గేముల్లోనూ 12 కాదు. ఆర్మీ (వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీ) టీమ్‌నే చూడండి, బాల్ విసిరే పాస్ తక్కువ, బాల్ పట్టుకుని పరిగెత్తే రన్ మీద రన్ కొడుతూ క్లాక్‌ని కరిగించేస్తారు, వాళ్లతో ఆడితే ఇద్దరికీ డ్రైవ్‌లు తగ్గిపోతాయి, పాయింట్లు చూసి ఆఫెన్స్ అంతంత మాత్రమే అనుకుంటే తప్పులో కాలేసినట్టే, 2024లో 12 గేములు గెలిచి అమెరికన్ అనే కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీల లీగ్) టైటిల్ కూడా కొట్టారు మరి. టెనెసీలో కోచ్ జాష్ హైపెల్ దీనికి పూర్తిగా రివర్స్, ఊపిరి తీసుకోనివ్వకుండా ప్లే (బాల్‌తో ఒక్కో ప్రయత్నం) మీద ప్లే. ఈ ఇద్దరి పాయింట్లూ పక్కపక్కన పెట్టడమంటే 20 ఓవర్ల స్కోర్ని, వాన పడి 12 ఓవర్లకి కుదించిన మ్యాచ్ స్కోర్‌తో పోల్చడమే. దానికి తోడు 2023లో రూల్ మార్చారు, ఫస్ట్ డౌన్ వచ్చినా (నాలుగు డౌన్లలో, అంటే నాలుగు ప్లేల్లో, 10 యార్డులు వెళ్తే మళ్లీ కొత్తగా నాలుగొస్తాయి, అదే ఫస్ట్ డౌన్) ఇప్పుడు క్లాక్ ఆగదు, ఒక్కో హాఫ్‌లో చివరి రెండు నిమిషాలకే ఆ ఆగడం, దాంతో ప్లేలు తగ్గాయి, కాబట్టి 2023కి ముందు నంబర్లతో పోల్చేటప్పుడు ఇంకా జాగ్రత్త.

నోట్స్ ఇలా రాసుకోండి. ఒక్కో డ్రైవ్‌కి ఒక లైన్: ఎక్కడ మొదలైంది, ఎన్ని ప్లేలు, ఎలా అయిపోయింది. "మన 25, 3 ప్లేలు, పంట్." "మన 38, 9 ప్లేలు, టచ్‌డౌన్." అంతే. మన 25 అంటే మన గోల్ లైన్ నుంచి 25 యార్డులు, పంట్ అంటే బాల్‌ని తన్ని అవతలివాళ్లకి ఇచ్చేయడం, టచ్‌డౌన్ అంటే బాల్‌ని చివరిదాకా తీసుకెళ్లడం, మామూలుగా ఏడు పాయింట్లు. లెక్కలోంచి తీసేయాల్సినవి కొన్నున్నాయి. హాఫ్ చివర్లో క్వార్టర్‌బ్యాక్ (ఆఫెన్స్‌ని నడిపి పాస్‌లు విసిరేవాడు) మోకాలు ఆనించి టైమ్ అవగొట్టే డ్రైవ్‌లు, 30 పాయింట్ల లీడ్‌లో ఉండి బెంచ్ వాళ్లని దింపాక జరిగే నాలుగో క్వార్టర్ తంతు, ఇవి కలిపితే నంబర్ పాడవుతుంది. డిఫెన్స్ అవతలివాళ్ల పాస్‌ని లాక్కుని (ఇంటర్‌సెప్షన్) టచ్‌డౌన్ చేస్తే ఆ ఏడు పాయింట్లు ఆఫెన్స్ ఖాతాలో వేయొద్దు. ఉదాహరణకి స్కోర్‌బోర్డ్‌లో 31 ఉంది, అందులో 7 డిఫెన్స్‌వి, మిగిలిన 24కి 12 డ్రైవ్‌లు పట్టాయి, అంటే డ్రైవ్‌కి 2. ఇంకో టీమ్ 27 కొట్టింది కానీ 9 డ్రైవ్‌లే, అంటే 3. స్కోర్‌బోర్డ్ చూస్తే మొదటిదే మేలనిపిస్తుంది, కాదు. సుమారుగా రెండు దగ్గర ఉంటే ఓ మోస్తరు, మూడు దాటితే టాప్ ఆఫెన్స్. డిఫెన్స్‌కి కూడా ఇదే లెక్క, అవతలివాళ్లకి డ్రైవ్‌కి ఎన్ని ఇచ్చారో చూసి మన నంబర్లోంచి తీసేయండి, అదే టీమ్ అసలు బలం.

ఇప్పుడు డ్రైవ్‌లు ఎక్కడ చచ్చిపోతున్నాయో చూడాలి, నా దృష్టిలో అసలు మజా ఇక్కడే. బిల్ కానెలీ అనే ఫుట్‌బాల్ గణాంకాల రచయిత వాడే కొలత ఒకటుంది, సక్సెస్ రేట్ అంటారు: ఫస్ట్ డౌన్‌లో కావాల్సిన యార్డుల్లో సగం, సెకండ్ డౌన్‌లో 70 శాతం, థర్డ్, ఫోర్త్ డౌన్లలో మొత్తం, అంత వస్తే ఆ ప్లే సక్సెస్, లేకపోతే ఫెయిల్. ఒక డ్రైవ్ తీసుకుందాం. మన 25 నుంచి ఫస్ట్ అండ్ టెన్ (మొదటి డౌన్, కావాల్సింది 10 యార్డులు), రన్, 1 యార్డ్, 5 కావాలి కాబట్టి ఫెయిల్. సెకండ్ అండ్ నైన్, మళ్లీ రన్, 2 యార్డులు, ఆరు పైచిలుకు కావాలి, ఫెయిల్. థర్డ్ అండ్ సెవెన్, డిఫెన్స్‌కి పాస్ అని ముందే తెలుసు, పైన పడిపోయారు, క్వార్టర్‌బ్యాక్ కంగారులో విసిరేశాడు, ఎవరికీ అందలేదు (ఇన్‌కంప్లీట్), పంట్. టీవీ వాడు స్లో మోషన్‌లో చూపించేది మూడోదే, గ్రూపులో అందరూ తిట్టేదీ క్వార్టర్‌బ్యాక్‌నే, కానీ డ్రైవ్ పోయింది మొదటి రెండింటిలో, ముందు వరసలో దారి తెరవాల్సిన లైన్ వాళ్లు ఎదుటివాణ్ణి కదిలించలేకపోయారు. నాలుగైదు గేముల నోట్స్‌లో ఇలాంటివే ఎక్కువుంటే ఆ టీమ్‌కి కావాల్సింది కొత్త క్వార్టర్‌బ్యాక్ కాదు, ఆ లైన్‌లో ఆడే 310 పౌండ్ల గార్డు.

అవతలివాళ్ల 40 దాటిన డ్రైవ్‌లకి ఒక టిక్ పెట్టండి. అక్కడిదాకా వెళ్లి ఫీల్డ్ గోల్ (బాల్‌ని కిక్ చేసి గోల్‌లోంచి పంపడం) మూడు పాయింట్లతో సరిపెట్టుకుంటున్నారా, ఏడు తెస్తున్నారా? ఐదుసార్లు వెళ్లి మూడు ఫీల్డ్ గోల్స్‌తో వస్తే ఎన్ని యార్డులొచ్చినా ఓడిపోయే టీమే. నాలుగో డౌన్‌లో కోచ్ ఏం చేస్తాడో కూడా ఇక్కడే తెలుస్తుంది. 2026 జనవరిలో మయామీతో నేషనల్ ఫైనల్, నాలుగో క్వార్టర్, నాలుగో డౌన్, ఇండియానా ఫీల్డ్ గోల్ దూరంలోనే ఉంది, అయినా కోచ్ కర్ట్ సిగ్నెటీ ఆఫెన్స్‌నే ఆడించాడు, క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా తనే బాల్ పట్టుకుని దూసుకెళ్లి టచ్‌డౌన్ చేశాడు, చివరికి గేమ్ 27-21.

అదృష్టాన్ని కూడా ఓ మూల రాసుకోవాలి. కిందపడ్డ బాల్ ఎవరికి దొరుకుతుందన్నది దాదాపు బొమ్మా బొరుసే, ఒక సీజన్‌లో అన్నీ మనకే దొరికితే వచ్చే ఏడాది దొరకవు. దగ్గర స్కోర్లతో ఓడిన గేములూ అంతే, 2021లో నెబ్రాస్కా 9 గేములు ఓడింది, తొమ్మిదింటిలో ఒక్కటి కూడా 9 పాయింట్ల కంటే ఎక్కువ తేడాతో కాదు. 3-9 (3 గెలుపులు, 9 ఓటములు) అని రికార్డ్ చూసి చెత్త టీమ్ అంటే ఎలా?

ఇక పోర్టల్. ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే ప్లేయర్లు పేరు నమోదు చేసుకునే లిస్ట్, 2018 అక్టోబర్‌లో మొదలైంది, 2021లో ఒకసారి మారితే ఏడాది కూర్చోకుండా వెంటనే ఆడొచ్చన్నారు, 2024కి చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లైనా మారొచ్చు అయిపోయింది. 2021 జులై నుంచి ప్లేయర్లు పేరూ ఫొటో వాడుకుని డబ్బు సంపాదించుకోవచ్చు, 2025 జులై నుంచి కాలేజీలే నేరుగా ఇవ్వొచ్చు, అన్ని స్పోర్ట్స్‌కి కలిపి మొదటి ఏడాది లిమిట్ సుమారు 2.05 కోట్ల డాలర్లు. పాత 85 స్కాలర్‌షిప్పుల లెక్క పోయి టీమ్‌లో 105 మందే ఉండాలనే రోస్టర్ లిమిట్ వచ్చింది. స్ప్రింగ్‌లో ఉండే రెండో విండో (పోర్టల్‌లో పేరిచ్చే గడువు) తీసేసి 2026లో జనవరి 2 నుంచి 16 వరకు ఒక్కటే పెట్టారు. హైస్కూల్ పిల్లల సైనింగ్ ఎక్కువగా డిసెంబర్‌లోనే అయిపోతుంది కాబట్టి మీరు ఫాలో అవ్వాల్సిన వరస: డిసెంబర్‌లో పిల్లలు, జనవరిలో పోర్టల్.

పేర్లు వస్తుంటే స్టార్లు చూడకండి, మీ నోట్స్ తీయండి. డ్రైవ్‌లు లైన్ దగ్గర చస్తున్నాయా, 40 లోపల చస్తున్నాయా, లేక డిఫెన్స్ పెద్ద ప్లేలు ఇచ్చేస్తోందా, వచ్చినవాడు ఆ రంధ్రం పూడ్చేవాడేనా? వాడు పోయినేడు నిజంగా ఎంత ఆడాడు, పెద్ద స్కూల్ బెంచ్ మీద కూర్చున్న ఫోర్ స్టార్ కంటే చిన్న కాన్ఫరెన్స్‌లో ప్రతి వారం ఆడినవాడే నాకు నచ్చుతాడు. వెళ్లిపోయినవాళ్ల లిస్ట్ కూడా పక్కనే పెట్టుకోండి, ముగ్గురొచ్చారు అని పండగ చేసుకునేలోపు ఐదుగురు స్టార్టర్లు పోయుంటారు. ఇంకెన్నేళ్లు ఆడగలడో చూడండి, ఒక్క ఏడాదే మిగిలినవాడైతే వచ్చే జనవరికి మళ్లీ వెతుకులాటే.

ఇండియానాలో 2023 చివర్లో సిగ్నెటీ వచ్చినప్పుడు 3-9 టీమ్ అది. తను కోచింగ్ చేసిన జేమ్స్ మ్యాడిసన్ నుంచి డజను మందికి పైగా తెచ్చుకున్నాడు, ఎలైజా సరాట్, ఏడెన్ ఫిషర్, మికాయిల్ కమారా లాంటివాళ్లు, వీళ్లెవరూ పెద్ద స్టార్ రిక్రూట్లు కారు, కానీ ఆయన సిస్టమ్‌లో ఆల్రెడీ ఆడినవాళ్లు. 2024లో 11-2, తర్వాతి సీజన్‌లో 16-0, టైటిల్. మెండోజా కూడా పోర్టల్‌లో క్యాలిఫోర్నియా నుంచి వచ్చినవాడే, హైస్‌మన్ (ఏడాది బెస్ట్ ప్లేయర్ ట్రోఫీ) కొట్టాడు. ఫ్లోరిడా స్టేట్ కథ దీనికి ఉల్టా, 2023లో 13-0 దాకా వెళ్లింది, స్టార్టర్లు ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పోయారు, పోర్టల్ నుంచే డీజే ఉయంగలెలై సహా పెద్ద పేర్లు తెచ్చారు, 2024లో 2-10. కొలరాడోలో 2023లో కోచ్ డియాన్ శాండర్స్ రోస్టర్ దాదాపు మొత్తం మార్చేశాడు, పాస్‌లు పట్టే రిసీవర్లు బాగానే ఉన్నారు, క్వార్టర్‌బ్యాక్ ఆయన కొడుకే, కానీ ఆఫెన్సివ్ లైన్ నిలబడలేదు, పాపం ఆ అబ్బాయి సీజనంతా నేల మీదే ఉన్నాడు, 4-8.

అలాగని హైస్కూల్ రిక్రూటింగ్ దండగని కాదు. గత నాలుగేళ్ల రిక్రూట్లలో ఫోర్, ఫైవ్ స్టార్లు సగం కంటే ఎక్కువుంటేనే టైటిల్ అని చాలా ఏళ్లు నడిచిన లెక్క ఒకటుంది, బ్లూ చిప్ రేషియో అంటారు, ఇండియానా దాన్ని బద్దలు కొట్టింది కానీ ఒక్క ఇండియానాని చూసి రూల్ పోయిందనుకోను నేను. 2024 సీజన్‌లో టైటిల్ కొట్టిన ఒహాయో స్టేట్ చూడండి, విల్ హావర్డ్ కాన్సాస్ స్టేట్ నుంచి, క్విన్‌షాన్ జడ్కిన్స్ ఓల్ మిస్ నుంచి, కేలబ్ డౌన్స్ అలబామా నుంచి, కానీ వాళ్ల చుట్టూ ఉన్నది ఏళ్ల తరబడి హైస్కూళ్ల నుంచి తెచ్చుకున్న సరుకు, జెరమయా స్మిత్ అయితే ఫ్రెష్‌మన్‌గానే (మొదటి ఏడాదిలోనే) దుమ్ము దులిపాడు. ముఖ్యంగా లైన్‌మెన్ హైస్కూల్ నుంచి వచ్చి తయారవ్వడానికి రెండు మూడేళ్లు పడుతుంది, డిసెంబర్‌లో సైన్ చేసిన ఐదుగురు టాకిల్స్‌ని చూసి ఈ సెప్టెంబర్‌కి ఆశ పెట్టుకోకండి.

సెప్టెంబర్ మొదటి రెండు వారాలు చాలా టీమ్‌లు డబ్బులిచ్చి పిలిపించుకున్న చిన్న స్కూళ్లతో ఆడతాయి, నోట్స్ రాసుకోండి గానీ యావరేజ్‌లో కలపకండి. కాన్ఫరెన్స్ గేములు నాలుగైదు అయ్యాక జనవరి లిస్ట్ మళ్లీ తీసి ఒక్కో పేరు పక్కన రాయండి, వీడు వచ్చాక త్రీ అండ్ అవుట్‌లు (మూడు ప్లేలకే పంట్) తగ్గాయా, 40 దాటాక మూడుకి బదులు ఏడొస్తున్నాయా అని.