కర్నూలు ఎండల్లో ఇంట్లోనే నురగలు కక్కే నన్నారి సోడా చేసుకోవడం ఎలా?

లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాచుకోవడం మన రాష్ట్రంలో ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం, ఆ జోలికి పోవద్దు. అయితే బీరుకు నురగ తెచ్చే ఈస్టుతోనే మన నన్నారిని సోడాగా మార్చుకోవచ్చు. గ్యాస్ సిలిండర్ అక్కర్లేదు, మెషిన్ అక్కర్లేదు. ఇలాంటి సోడాల గురించి రాసినవి ఎక్కువగా చల్లటి ఊళ్ల లెక్కలు, సీసాను నాలుగైదు రోజులు బయటే పెట్టమంటాయి. మే నెల కర్నూల్లో అలా పెడితే సీసా పేలే ప్రమాదం ఉంది, గ్యాస్ పట్టగానే ఫ్రిజ్‌లో పెట్టేయాలి. అందుకే ఒక్కసారికి రెండు లీటర్లే చేయండి, అంతకుమించితే ఫ్రిజ్‌లో చోటూ చాలదు.

ముందు అల్లం తోడు తయారు కావాలి. పాలకు తోడు ఎంత ముఖ్యమో దీనికి ఇదీ అంతే. గాజు జాడీలో రెండు గ్లాసుల నీళ్లు, తొక్కతో సహా తురిమిన అల్లం రెండు చెంచాలు, పంచదార రెండు చెంచాలు వేసి కలిపి పలచటి గుడ్డ కట్టండి. తొక్క తీయొద్దు, ఈస్టు ఉండేది దాని మీదే, మట్టి పోయేలా కడిగితే చాలు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే ఈస్టు సరిగా పెరగకపోవచ్చు కాబట్టి కాచి చల్లార్చిన నీళ్లే వాడండి. రోజూ ఒక చెంచా అల్లం, ఒక చెంచా పంచదార వేస్తూ ఉదయం, సాయంత్రం కలపాలి. మన ఎండలకు రెండు మూడు రోజుల్లోనే పైకి బుడగలు వస్తాయి, చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా చిటపటమంటుంది. ఆకుపచ్చగానో నల్లగానో బూజు కనబడితే మాత్రం గీకి వాడుకుందాంలే అనుకోకుండా మొత్తం పారబోయండి.

తోడు సిద్ధమయ్యే ముందురోజు రాత్రి నన్నారి వేర్లు నానబెట్టాలి. యాభై గ్రాములు చాలు, మూలికల కొట్టులో సుగంధి వేర్లు అని అడిగినా ఇస్తారు. బాగా కడిగి, రోట్లో వేసి కచ్చాపచ్చాగా దంచితే పైతొక్క విడిపోతుంది. వాసనంతా దాంట్లోనే ఉంటుంది, లోపలి గట్టి పుల్లను తీసి పడేయండి. ఇక్కడ చాలామంది తొందరపడి వేర్లను పొయ్యి మీద గంటసేపు మరిగిస్తారు, దాంతో ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది గానీ షర్బత్‌లో వాసన మిగలదు. లీటరు నీళ్లు మరిగించి, పొయ్యి ఆపేసి, దంచిన తొక్క మీద పోసి మూత పెట్టి తెల్లారేదాకా వదిలేయండి.

పొద్దున వడగట్టి రెండు వందల గ్రాముల పంచదార కరిగించి, ఇంకో లీటరు చల్లారిన నీళ్లు, రెండు నిమ్మకాయల రసం కలపండి. గిన్నె అడుగున చెయ్యి పెడితే ఏమాత్రం వేడి తగలకూడదు. అప్పుడే అరగ్లాసు అల్లం తోడు వడగట్టి పోయండి. వేర్ల బదులు షాపులో కొన్న నన్నారి షర్బత్ వాడదామనుకుంటే లేబుల్ చూడండి, నిల్వ ఉండటానికి సోడియం బెంజోయేట్ లాంటివి కలిపి ఉంటే ఈస్టు పనిచేయదు, ఎన్నాళ్లు ఆగినా గ్యాస్ రాదు. పంచదార మరీ తగ్గించినా అంతే, ఈస్టుకు తిండి అదే.

సీసాల దగ్గర మాత్రం రాజీ పడొద్దు. కూల్‌డ్రింక్ వచ్చిన ప్లాస్టిక్ సీసాలే వాడండి, అవి గ్యాస్ ఒత్తిడికి తట్టుకునేలా చేసినవి. మంచినీళ్ల సీసా పలచన, మామూలు గాజు సీసా పగిలితే ముక్కలు కంట్లో పడతాయి. మెడ దగ్గర రెండంగుళాలు ఖాళీ ఉంచి మూత గట్టిగా బిగించండి. తర్వాత నీళ్లు పోసిన బేసిన్‌లో నిలబెట్టి చుట్టూ తడిగుడ్డ కప్పి, ఎండ తగలని మూల నాపరాళ్ల గచ్చు మీద పెట్టండి. మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తడిగుడ్డ బాగా చల్లబరుస్తుంది, పులియడం కూడా నింపాదిగా జరిగి రుచి బాగా వస్తుంది.

ఇక నాలుగైదు గంటలకోసారి సీసాను బొటనవేలితో నొక్కి చూడండి. మొదట మెత్తగా లోపలికి పోతుంది, తర్వాత బిగుసుకుంటుంది. షాపులో కొత్త సోడా సీసా ఎంత గట్టిగా ఉంటుందో అంత గట్టిపడగానే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. కొన్నిసార్లు పొద్దున నింపింది రాత్రికే అయిపోతుంది, కాబట్టి మూత బిగించి ఊరికి మాత్రం పోవద్దు.

ఫ్రిజ్‌లో కనీసం ఆరు గంటలు ఉంచితే గ్యాస్ నీళ్లలో బాగా కలుస్తుంది. మూత కొంచెం కొంచెం తిప్పుతూ తీయండి. గ్లాసులో నానిన సబ్జా గింజలు వేసుకుంటే ఇంకా బాగుంటుంది. నాలుగు రోజుల్లో తాగేయండి. పులిసింది కాబట్టి ఇందులో కొద్దిపాటి ఆల్కహాల్ ఉంటుంది, నిల్వ చేసేకొద్దీ పెరుగుతుంది, అందుకే చిన్నపిల్లలకు, గర్భిణులకు ఇవ్వకపోవడమే మంచిది.

మిగిలిన తోడును ఫ్రిజ్‌లో పెట్టి వారానికోసారి చెంచా అల్లం, చెంచా పంచదార వేస్తుంటే పాడవదు. మళ్లీ చేసుకునే ముందు ఒక రోజు బయటపెట్టి, బుడగలు వచ్చాక వాడండి.